బిచ్చం వద్దన్న బిచ్చగాడి కేసు

నల్లకోటు ఎప్పుడో ఎవరికో ఇచ్చేశాను. కోపం మాత్రం ఇవ్వడానికి ఎవరూ దొరకలేదు.

కొత్తగా వకాలత్‌లోకి వచ్చే పిల్లలు నా దగ్గర కూర్చుని హత్య కేసుల గురించి, జాగీరు భూముల దావాల గురించి చెప్పమంటారు. వాటిలో నేర్చుకోవలసింది తక్కువ. హత్య కేసులో అందరూ ఒళ్లు దగ్గర పెట్టుకుని పనిచేస్తారు. జడ్జి శ్రద్ధగా వింటాడు. పోలీసు కాగితం సరిగ్గా రాస్తాడు. వకీలు చదువుకుని వస్తాడు. మన కచేరీల అసలు గుణం తెలియాలంటే పొద్దున్నే, పెద్ద కేసులు మొదలు కాకముందు, మనుషులను గుంపుగా నిలబెట్టి తేల్చేసే చిన్న కేసులు చూడాలి. అలాంటి కేసు ఒకటి చెప్తాను. బిచ్చమెత్తిన నేరం. శిక్ష పెద్దదేమీ కాదు. అందుకే ఎవరికీ పట్టలేదు.

ఊరి పేరు రాయను. కరీంనగర్ జిల్లాలో సాలెవాళ్లు ఎక్కువగా ఉండే ఒక చిన్న పట్నం అనుకోండి.

ఒప్పుకుని పో

పోలీసు చర్య జరిగిన కొద్ది రోజులకు నేను కరీంనగర్‌లో ఒక పెద్ద వకీలు దగ్గర జూనియర్‌గా చేరాను. అప్పుడు కచేరీ అంతా ఉర్దూలో నడిచేది. మా సీనియర్ ఉర్దూ మాట్లాడుతుంటే ఎదుటి పక్షం వకీలు కూడా తల ఊపేవాడు. సాక్షిని ఎక్కడ ఆపాలో, ఎక్కడ వదిలేయాలో ఆయన దగ్గరే నేర్చుకున్నాను. ఆ మేరకు ఆయనకు రుణపడి ఉన్నాను.

కానీ చిన్న కేసుల దగ్గర ఆయన పద్ధతి వేరు. గుడుంబా కాచినవాడు, పేకాట ఆడినవాడు, బిచ్చమెత్తినవాడు వరుసగా నిలబడి ఉంటే, ఒక్కొక్కరి చెవిలో ఒకటే మాట చెప్పేవాడు: "ఒప్పుకో, పో." కొందరు ఏ నేరం ఒప్పుకుంటున్నారో వాళ్లకే తెలియదు. ఒకసారి నేను అడిగాను, వీళ్లలో నిజంగా తప్పు చేయనివాళ్లు ఉంటారు కదా అని.

ఆయన పాన్ నములుతూ అన్నాడు: "ఒప్పుకుంటె పొద్దుమీకి ఇంట్ల ఉంటడు. కొట్లాడితె నెలల తరబడి లోపటుంటడు. గరీబోనికి ఇజ్జత్ కంటె ఇల్లు ముఖ్యం బిడ్డా. నువ్వు పరేషాన్ గాకు."

ఆయన చెడ్డవాడు కాడు. చాలామంది అలా ఒప్పుకునే ఇళ్లకు చేరారు. కానీ మా వృత్తిలో నేను విన్న మాటలన్నిటిలోకీ అతి ప్రమాదమైన మాట అదే. బీదవాడికి పరువు అక్కర్లేదని తీర్మానించింది ఆ బీదవాడు కాదు. మనం. ఫీజు రాని కేసులో మన పొద్దు ఆదా చేసుకోవడానికి ఆ తీర్మానం బాగా పనికొస్తుంది. తర్వాత నేను సొంతంగా ప్రాక్టీసు పెట్టుకున్నాను. చాలాకాలం నేనూ ఆ మాటే చెప్తూ వచ్చాను, అందరిలాగే. ఎల్లవ్వ వచ్చేదాకా.

డాక్టరమ్మ, ఎల్లవ్వ

మా ప్రాంతం ఆంధ్ర రాష్ట్రంతో కలిసి మూడో నాలుగో ఏడు. ఒక ఆదివారం పొద్దున మిషన్ దవాఖాన జీపు మా వాకిట్లో ఆగింది. దిగింది డాక్టరమ్మ. ఆమె వేల్స్ అనే దేశం నుంచి వచ్చింది. ఇంగ్లండు పక్కనే, సముద్రం ఒడ్డున ఉన్న చిన్న దేశం అది. ఇంగ్లీషుదొరసాని అంటే ఆమెకు కోపం వచ్చేది. మా దేశం వేరు, మా భాష వేరు అనేది. ఆమె అసలు పేరు మాకు నోరు తిరగదు. తెలుగును పుస్తకాల్లో కాక, దవాఖానకు వచ్చే తల్లుల నోటివెంట నేర్చుకుంది. అందుకని మాలాగే మాట్లాడేది. దవాఖాన జాగ తగాదాలో నేను ఆమెకు వకీలును.

వెనక నుంచి ఇంకో ఆడమనిషి దిగింది. నలభై దాటి ఉంటాయి. చెప్పులు లేవు. చేతిలో పాటకు వాయించే తాళాల జత గట్టిగా పట్టుకుని ఉంది.

"ఈమె ఎల్లవ్వ" అంది డాక్టరమ్మ. "ఈమె బిడ్డ కాన్పు నేనే చేసిన. పెనిమిటి నాంపెల్లి. పోలీసోళ్లు పట్టుకపోయిన్రు. చెవుల నెత్తురు వస్తుందట, నన్ను సూడనిస్తలేరు. నువ్వు రావాలె."

"ఏం చేసిండు?" అన్నాను.

ఎల్లవ్వ ముందుకు వచ్చింది. "ఏం జెయ్యలే సారూ. కథ చెప్పవోయినం. బిచ్చమెత్తుతున్రని రాసుకున్రు."

నాంపెల్లి కులం కూనపులి. ఈ తరం వాళ్లకు తెలియదు కనుక చెప్తాను. మా దిక్కున ప్రతి చేతివృత్తి కులానికీ వాళ్ల కథ చెప్పే కులం ఒకటి ఉండేది. సాలెవాళ్లకు కూనపులివాళ్లు. మొదటి మగ్గం ఎట్లా వచ్చింది, తామరతూడు నుంచి దారం ఎవరు తీశారు, దేవుళ్లకు బట్టలు ఎవరు నేశారు అన్న కథంతా పొడుగాటి గుడ్డ మీద బొమ్మలుగా రాయించి, ఆ పటాన్ని వెదురు కర్రలకు కట్టి, బొమ్మ తరువాత బొమ్మ చూపుతూ చెప్పేవాళ్లు. ఏ ఊళ్లో ఏ ఇంటి వాళ్లకు ఎవరు చెప్పాలో తాతలనాడే పంచుకున్నారు. కథ మొదలులో వినేవాళ్ల తాతముత్తాతల పేర్లు వరుసగా చదివేవాళ్లు. సాలెవాళ్లకు తమ ముత్తాత పేరు తెలియకపోతే కూనపులివాడు వచ్చేదాకా ఆగేవాళ్లు. చివర విన్నవాళ్లు బట్టో, ధాన్యమో, డబ్బో ఇచ్చేవాళ్లు. దాన్ని త్యాగం అంటారు.

నాంపెల్లి ఇల్లు నిర్మల్ పక్కన ఒక పల్లె. పటం కూడా నిర్మల్‌లో బొమ్మలు రాసే నకాషీవాళ్లు రాసిందే, అతని తండ్రి కాలంలో. రెండు మూడేండ్లకోసారి ఈ పట్నం వచ్చి సాలెవాడలో కథ చెప్పి పోయేవాడు. ఈసారి వచ్చేసరికి వాడ మారిపోయింది. సేటు ఒకడు చేతిమగ్గాలు తీసేయించి కరెంటు మగ్గాలు పెట్టాడు. వాటిని మా దిక్కు సాంచాలంటారు. వాడలో సగం మంది ఆ సాంచాల మీద కూలికి నడుస్తున్నారు. సేటు కూడా సాలె కులంవాడే. నాంపెల్లి తండ్రి చెప్పిన కథ ముందు కూర్చుని పెరిగినవాడే.

సేటు గడపలోనే నిలబడి నాంపెల్లితో అన్నాడట: "కథ వెడితె సాంచాలు బందయితయి. గివ్వి రెండు రూపాయలు పట్టుకోని పో."

నాంపెల్లి చేయి చాపలేదు. "కథ ఇనకుండ ఇస్తె అది త్యాగం గాదు సేటూ. నువ్వు ఇనకున్నా ఫికర్ లేదు, వాడోళ్లను ఇననీ" అన్నాడు. సేటు తలుపు వేసుకున్నాడు.

అప్పుడు నాంపెల్లి తన తాతలు చేసిన పనే చేశాడు. గడ్డితో ఒక బొమ్మ కట్టి, దానికి పాత గుడ్డ చుట్టి, వెదురు కర్రకు తలకిందులుగా కట్టి సేటు ఇంటి ముందు పాతాడు. కథ వినని ఇంటికి ఇది శిక్ష. వాడలో అందరికీ దాని అర్థం తెలుసు. వెనకట ఆ బొమ్మ లేచిందంటే ఇంటి పెద్ద పరుగెత్తుకొచ్చి కాళ్లు కడిగి లోపలికి తీసుకుపోయేవాడు.

ఈ సేటు పరుగెత్తింది ఠాణాకు. సాయంత్రానికల్లా నాంపెల్లి లాకప్‌లో ఉన్నాడు, పటం పోలీసుల దగ్గర ఉంది. రాసుకున్న నేరం బిచ్చమెత్తడం.

లాకప్‌లో

డాక్టరమ్మ జీపులోనే పోయాను. సబ్ ఇన్‌స్పెక్టరు మర్యాదగా చాయ్ తెప్పించాడు. "మామూలు కేసండి. రేపు ఒప్పుకుంటే మందలించి వదిలేస్తారు" అన్నాడు. చెవి సంగతి అడిగితే, జీపు ఎక్కేటప్పుడు పడ్డాడన్నాడు. పడ్డవాడి చెంప మీద వేళ్ల గుర్తులుంటాయా అని డాక్టరమ్మ అడిగింది. ఆయన చాయ్ తాగుతూ ఉండిపోయాడు.

నాంపెల్లి గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఎడమ చెవి మీద తువ్వాల అదుముకుని ఉన్నాడు. సన్నటి మనిషి, నెరిసిన మీసాలు. నేను అలవాటు కొద్దీ సీనియర్ మాటే చెప్పాను.

"ఒప్పుకుంటె రేపే ఇడుస్తరు నాంపెల్లీ. కొట్లాడితె నెలలు పడ్తది."

"ఏమని ఒప్పుకోవాలె?"

"బిచ్చమెత్తిన అని."

అతను నావైపు కుడి చెవి తిప్పి మళ్లీ చెప్పమన్నాడు. చెప్పాను.

"సేటు రెండు రూపాయలు ఇయ్యవచ్చిండు" అన్నాడు నెమ్మదిగా. "తీసుకుంటె బిచ్చగాన్ని అయితుంటి. తీసుకోలే. తీసుకోనందుకే గద సారూ నన్ను గీడ ఏసిన్రు. ఇగ బిచ్చమెత్తిన అని ఎట్లంటరు?"

నేను అతని ఎదురుగా నేల మీద కూర్చున్నాను. నాలుగు లా పుస్తకాలు తిరగేసినా దొరకని డిఫెన్సు అతను మూడు ముక్కల్లో చెప్పేశాడని కాదు; ఆ మాట ఎవరికైనా తోస్తుంది. సబ్ ఇన్‌స్పెక్టరుకూ తోచే ఉంటుంది. తోచినా రాసుకున్నాడు. బీదవాడు ఎటూ ఒప్పుకుంటాడు, వకీలు ఎటూ ఒప్పిస్తాడు అన్న ధైర్యం అది. ఆ ధైర్యం ఇచ్చింది మా వకీళ్లమే. ఆ రోజు నుంచి నేను ఎవరికీ "ఒప్పుకో, పో" అని చెప్పలేదు.

జమానత్‌కు, అంటే బెయిలుకు పూచీ పడడానికి, మనిషి కావాలి. సేటంటే భయంతో వాడలో ఎవరూ ముందుకు రాలేదు. నాంపెల్లి లోపలే ఉన్నాడు. చివరికి సత్తయ్య అనే సాలెపెద్ద వచ్చాడు. సేటు సాంచాల మీదే పనిచేసేవాడు. సంతకం పెట్టేముందు, కొలువు పోతుంది సుమా అని హెచ్చరించాను.

"పోతె పోతది" అన్నాడు సత్తయ్య. "మా బాపు సచ్చినప్పుడు మా వంశం పేర్లు చదివింది ఈనె. గా పేర్లు సేటుకు ఎరుకనా?"

కొలువు అదే వారంలో పోయింది. సత్తయ్య పెండ్లాం పిల్లలను తీసుకుని శ్రీరాంపూర్ బొగ్గుబావుల దిక్కు వెళ్లిపోయాడు. నేత తప్ప ఏమీ తెలియని మనిషి అరవై ఏండ్లకు దగ్గరపడి బాయి దిగాడు. సేటును ఏ చట్టమూ అడగలేదు.

కుర్చీ

బెయిలు మీద వచ్చాక నాంపెల్లి కొన్నాళ్లు మిషన్ దవాఖానలో ఉన్నాడు. కర్ణభేరి చిరిగిందని, ఆ చెవి ఇక వినదని డాక్టరమ్మ చెప్పింది. శ్రుతి పట్టి కథ పాడే మనిషికి ఒక చెవి పోవడం అంటే ఏమిటో నాకు అప్పుడు పూర్తిగా తెలియదు. ఎల్లవ్వ వరండాలో తాళం వేసేది, అతను ఎత్తుకునేవాడు, స్వరం పక్కకు జారేది. ఆపి మళ్లీ ఎత్తుకునేవాడు.

ఒక మధ్యాహ్నం డాక్టరమ్మ మాకు వాళ్ల దేశం సంగతి చెప్పింది. నాంపెల్లి మంచం మీద, ఎల్లవ్వ గడప దగ్గర, నేను స్టూలు మీద.

"మా దేశంల వెనకట రాజులుండిరి" అంది. "రాజు కొలువుల ఎవరు యాడ కూసోవాలె, ఎవరికి ఏమియ్యాలె అని చట్టంల రాసి ఉండె. అండ్ల కవికి గూడ జాగ ఉండె. కవులల్ల పెద్ద కవికి కుర్చీ ఉండె. కుర్చీ గెలుసుకోవాలె, ఊకెనే ఇయ్యరు."

కొలువులో మొదటి పాట దేవుడి మీద, రెండోది రాజు మీద పాడాలట. రాజు ఇంటి కవికి రాజు చేతి నుంచి వీణలాంటి వాయిద్యం, రాణి చేతి నుంచి బంగారు ఉంగరం దక్కేవట. యుద్ధానికి పోయేటప్పుడు ఆ కవి సైన్యం ముందు పాడాలి. రాణి తన గదిలో పాట కోరితే, అవతల సభకు ఇబ్బంది కలగకుండా మెల్లగా పాడాలని కూడా ఆ చట్టంలోనే ఉందట. కవి కావాలంటే గురువు దగ్గర ఏండ్లకేండ్లు నేర్చుకోవాలి. ప్రభువుల వంశాలు, పాత వీరుల కథలు నోటికి రావాలి. కవి తిట్టు కవిత్వం చెప్పితే ప్రభువులు కూడా భయపడేవాళ్లట.

"బొమ్మ కడ్తుండిరా?" అన్నాడు నాంపెల్లి.

"బొమ్మ గట్టకపోతుండిరి. మాటతోటే."

"మా దగ్గర మాట సాలదు" అన్నాడు అతను.

తర్వాత ఏమైందని ఎల్లవ్వ అడిగింది. పక్క దేశం రాజు వచ్చి వాళ్ల రాజులను గెలిచాడట. కొలువులు పోయాయి. కవులు పెద్దిండ్ల వెంట తిరిగి బతికారు. తర్వాత ఒక తిరుగుబాటు లేచింది. అప్పుడు గెలిచినవాళ్లు ఒక చట్టం చేశారట, పాట కట్టేవాళ్లను, దేశదిమ్మరులను, పని దొంగలను ఒకే వరుసలో రాసి, ఊళ్ల మీద తిరగకూడదని.

నాంపెల్లి మంచం మీద లేచి కూర్చున్నాడు. "మరి కథ చెప్పేటోళ్ల పేర్లు?"

"కవుల పేర్లు కొన్ని ఉన్నయి. కథ చెప్పినోళ్ల పేర్లు చానా మటుకు లెవ్వు. కథలు మిగిలినయి, పుస్తకాలకెక్కినయి. ఎవరు చెప్పిన్రో ఎరుకలే."

"గదెట్ల?" అన్నాడు. అతని గొంతులో కోపం నేను మొదటిసారి విన్నది అప్పుడే. లాకప్‌లో కూడా వినలేదు. "కథ ముంగట చెప్పెటోని పేరు చదువాలె గద. మా తాత పేరు, ఆయన తాత పేరు చదివినంకనే నేను పటం ఇప్పుత. పేరు ఎట్ల పోతది? ఎవరో పోగొడితెనే పోతది."

నేను ఈ వృత్తిలో విన్న వాదనల్లో దాన్ని మించింది లేదు.

తెలుగులోంచి తెలుగులోకి

కేసు విచారణకు వచ్చింది. మేజిస్ట్రేటు మా ప్రాంతం మనిషి కాడు. అది తప్పు కాదు. కానీ మా మాట వింటే ఆయనకు నవ్వు వచ్చేది. సాక్షి "వచ్చిండు" అంటే ఆయన "వచ్చాడు" అని దిద్దేవాడు. ఉర్దూలో నడిచిన రోజుల్లో మా జనానికి కచేరీ అర్థం కాలేదు. తెలుగువాళ్ల రాష్ట్రం వచ్చిందని సంబరపడితే, ఇప్పుడు కచేరీకి మా జనం అర్థం కాలేదు.

సేటును నేను ప్రశ్నించాను.

"నాంపెల్లి నీ ఇంటికొచ్చి ఏమడిగిండు?"

"త్యాగం అడిగిండు."

మేజిస్ట్రేటు కలం ఆపాడు. "త్యాగమా? ఎవరు చేయాలయ్యా త్యాగం?"

అందరూ నవ్వారు. క్లర్కు లేచి, "దానం సార్, వీళ్ల భాషలో" అన్నాడు. మేజిస్ట్రేటు రాసుకునే ఇంగ్లీషు కాగితం మీద బిచ్చం అన్న అర్థం వచ్చే మాట పడింది. నేను లేచి అభ్యంతరం చెప్పాను. త్యాగం అంటే కవికి, కథకుడికి పోషకుడిచ్చే కానుక. పాత తెలుగులో రాజులు కవులకిచ్చిందీ త్యాగమే. దానికీ బిచ్చానికీ చాలా దూరం ఉంది అన్నాను. ఆయన విసుగ్గా, "ఇతను కవి అంటారా?" అన్నాడు. నాంపెల్లి బోనులో నిలబడి, కుడి చెవి తిప్పి, ఎవరు మాట్లాడితే వాళ్లవైపు చూస్తున్నాడు.

నేను సేటు దగ్గరికే తిరిగి వచ్చాను.

"నువ్వు ఏమిస్తనన్నవు?"

"రెండు రూపాయలు."

"తీసుకున్నడా?"

"లే."

"ఏమని వద్దన్నడు?"

సేటు పోలీసువైపు చూశాడు. మళ్లీ అడిగాను.

"కథ ఇనకుండ ఇస్తె త్యాగం గాదన్నడు" అన్నాడు సేటు, నేల చూస్తూ.

నవ్విన గదిలో అప్పుడు ఎవరూ నవ్వలేదు. కేసు అక్కడే చచ్చిపోవాలి. చావలేదు.

చెవి దెబ్బ గురించి చెప్పడానికి డాక్టరమ్మ వచ్చింది. ఆమెను చూడగానే మేజిస్ట్రేటు ముఖం విప్పారింది. బంట్రోతును పిలిచి కుర్చీ వేయించాడు. సాక్షులకు కుర్చీ వేయడం ఆ కచేరీలో నేను అంతకు ముందు చూడలేదు.

ఆమె కూర్చోలేదు. కుర్చీ వెనక నిలబడి, బోనులో ఉన్న నాంపెల్లిని చూపించింది.

"మా దేశంల వెనకట ఆయనకు కుర్చీ ఏసి, నేను నిలవడేదాన్ని" అంది. "ఆయన నిలవడ్డంక నేనెట్ల కూసుంట?"

మేజిస్ట్రేటుకు అర్థమైంది. ఈసారి దిద్దలేదు. కానీ చెవి గురించి ఆమె చెప్పినదంతా విని, ఈ కేసుకు దానితో సంబంధం లేదని పక్కన పెట్టాడు. తీర్పు ఆ సాయంత్రమే చదివాడు. నేరం రుజువైంది, వయసును బట్టి మందలించి విడిచిపెడుతున్నాం, పట్నం విడిచి వెళ్లి ఏదైనా పని చేసుకోవాలి.

పని చేసుకోవాలి. తరాల కథ గొంతులో మోసే మనిషికి, ముందే చెవి పగలగొట్టి, పని చేసుకోమని చెప్పారు.

బయట గుమాస్తాలు నన్ను అభినందించారు. జైలు లేదు, జుర్మానా లేదు, ఇంకేం కావాలి అన్నారు. ఎల్లవ్వ మాత్రం నా దగ్గరికి వచ్చి ఒకటే అడిగింది: "బిచ్చగాడనే రాసిన్రా సారూ?" అవునన్నాను. "అయితె కేసు ఇంక కాలే" అంది.

పటం

అప్పీలు వేశాను. జిల్లా జడ్జి ఉర్దూ కాలం నుంచి పైకి వచ్చిన పెద్దమనిషి. సర్కారు వకీలు చెప్పిందంతా విని, "బిచ్చం వద్దన్నోడు బిచ్చగాడెట్లయితడు?" అని అడిగాడు. కింది తీర్పు కొట్టేశాడు. పటం వెంటనే తిరిగి ఇవ్వాలన్నాడు. రెండు నిమిషాల కేసు తేలడానికి ఏడాది పైన పట్టింది.

పటం తెచ్చుకోవడానికి నేనూ నాంపెల్లితో ఠాణాకు పోయాను. పటాన్ని ఎప్పుడూ చుట్టగా చుట్టి, గుడ్డ సంచిలో పెట్టి, నేలకు ఆనకుండా వేలాడదీయాలి. వాళ్లు దుప్పటిలా మడిచి పెట్టారు. దాని మీద పట్టుకొచ్చిన గుడుంబా కుండలు పేర్చారు. మడత పడిన చోటల్లా రంగు పెచ్చులుగా లేచింది. విప్పుతుంటే ఎర్రటి పొడి రాలింది. మూలపురుషుడి ముఖం లేదు. మగ్గం ముందు కూర్చున్న దేవతకు చేతులున్నాయి, తల లేదు.

జవాను అన్నాడు: "పాత గుడ్డనే గద."

నాంపెల్లి కిందికి వంగాడు. నేల మీద రాలిన రంగు పొడిని అరచేత్తో కూడదీసి తువ్వాలలో కట్టుకున్నాడు.

ముఖాలు పోయిన పటంతో కథ చెప్పకూడదు. చచ్చిపోయిన మనిషికి చేసినట్టే దానికి చేయాలి. గోదావరి ఒడ్డుకు నేనూ డాక్టరమ్మా పోయాం. నాంపెల్లి గుండు చేయించుకుని వచ్చాడు. పటానికి పసుపు కుంకుమ పెట్టారు, అన్నం ముద్ద పెట్టారు. నాంపెల్లి తన తండ్రి పేరు, తాత పేరు, వాళ్ల పైవాళ్ల పేర్లు ఒక్కొక్కటే చదివి, నడుము లోతు నీళ్లలోకి దిగి వదిలాడు. గుడ్డ మునగడానికి చాలాసేపు పట్టింది. డాక్టరమ్మ మొదట తల వంచుకుని నిలబడింది. తర్వాత చెప్పులు విడిచి నీళ్లలోకి పోయి, బయటికి వచ్చే నాంపెల్లికి చేయి అందించింది.

సబ్ ఇన్‌స్పెక్టరు మీద నేను పెట్టిన ఫిర్యాదు ఏమైందని మీరు అడుగుతారు. ఆయన సర్కిల్ ఇన్‌స్పెక్టరు అయ్యాడు.

ఈ కేసు గెలిచానని మా తోటి వకీళ్లు చెప్పుకునేవాళ్లు. పిల్లలూ, ఇలాంటి గెలుపును గెలుపని మీ క్లయింటు ముందు అనకండి. చట్టం అతన్ని బిచ్చగాడు కాదంది. కాదని చెప్పేలోపు అతను బతకడానికి కావలసినవన్నీ తీసేసుకుంది. సొత్తు జప్తు చేసినప్పుడు అది ఎలా దాచారో మొదటి రోజే పోయి చూడండి. దెబ్బ తగిలితే మొదటి రోజే డాక్టరుతో రాయించండి, ఎవరు అడ్డం వచ్చినా. మిగతా పాండిత్యమంతా తర్వాత.

శ్రీరాంపూర్

ఏడెనిమిదేండ్లు గడిచాయి. డాక్టరమ్మ వాళ్ల దేశం తిరిగి వెళ్లిపోయింది. నాంపెల్లి కూలిపని చేస్తున్నాడని ఒకరు, నిర్మల్‌లో బొమ్మలకు కొయ్య మోస్తున్నాడని ఇంకొకరు చెప్పారు. నేను వెతకలేదు. ఏ ముఖం పెట్టుకుని వెతకను?

గనిలో కాలు పోయిన కార్మికుడి పరిహారం కేసు మీద ఒక ఆదివారం శ్రీరాంపూర్ పోయాను. కార్మికుల ఇండ్ల మధ్య నుంచి నడుస్తుంటే తాళం చప్పుడు వినిపించింది. రెండు వరుసల మధ్య ఖాళీ జాగాలో గుంపు. మగవాళ్లంతా బాయి పని చేసేవాళ్లు, కడిగినా పోని బొగ్గు మరకలు కండ్ల చుట్టూ. ఆడవాళ్లు, పిల్లలు నేల మీద కూర్చున్నారు. ముందు వరుసలో సత్తయ్య. బాగా ముసలివాడైపోయాడు, దగ్గుతున్నాడు. నన్ను గుర్తుపట్టి పక్కన జాగ చేశాడు.

"మగ్గాలు ఇడిసి వచ్చినోళ్లమే అందరం" అన్నాడు చెవిలో. "పోయిన దీపావళికి తలా కొంత ఏసుకున్నం. కొత్త పటం రాయించినం."

వెదురు కర్రల మీద పటం వేలాడుతోంది. ఎరుపు ఇంకా పచ్చిగా మెరుస్తోంది. దాని పక్కన నాంపెల్లి నిలబడి ఉన్నాడు. చేతిలో సన్నటి కర్ర, నోరు మూసుకుని ఉన్నాడు. కథ చెప్తున్నది ఎల్లవ్వ.

వాళ్ల కులంలో ఆడవాళ్లు వంత పాడతారు, తాళం వేస్తారు. ముందు నిలబడి కథ చెప్పరు. ఆమె చెప్తోంది. గొంతు గరుకుగా ఉంది, తొట్రుపాటు లేదు. ఆమె ఒక్కో మాటకు వచ్చేసరికి నాంపెల్లి కర్ర సరిగ్గా ఆ బొమ్మ మీద ఆనేది. కుడి చెవి ఆమెవైపు తిప్పి, ఆమె పెదవులు చూస్తూ కర్ర కదుపుతున్నాడు.

ఇంతలో కాలనీ వాచ్‌మన్ సైకిలు దిగి వచ్చాడు. గుంపు వెనక నిలబడి, "ఏందిది? బిచ్చమెత్తుడా? పర్మిషన్ ఉన్నదా?" అన్నాడు.

నేను లేవబోయాను. మోకాళ్ల మీద చేయి వేసి సత్తయ్య నన్ను కూర్చోబెట్టాడు. గుంపులో నుంచి ఒక్కరు కూడా వెనక్కి తిరగలేదు. బొగ్గు మరకల మనిషి ఒకడు పక్కకు జరిగి వాచ్‌మన్‌కు జాగ చూపించాడు.

ఎల్లవ్వ కథ ఆపలేదు. అప్పుడు ఆమె వినేవాళ్ల వంశం పేర్లు చదువుతోంది. సత్తయ్య తండ్రి పేరు వచ్చింది, తాత పేరు వచ్చింది. వాచ్‌మన్ సైకిలు స్టాండు వేసి, కొంచెంసేపు నిలబడి, పక్కవాణ్ని మెల్లగా అడిగాడు:

"మాది గూడ సాలోళ్లమే. మా పేర్లు గూడ వస్తయా?"